దిద్దే చెయ్యి

మా జంట పేరు ఎడమ చెప్పులు.
తప్పు మాట్లాడటం కుసునోకి పని,
దిద్దడం నాది.
ఒసాకాలో దీన్ని మంజాయ్ అంటారు:
ఇద్దరు మనుషులు, ఒక మైకు,
మధ్యలో జానెడు చోటు.

వాడు అనేవాడు,
"మా అమ్మమ్మ నిన్ననే పుట్టింది."
నా కుడిచేతి వెనకవైపు
వాడి ఛాతీ మీద టప్పున పడేది:
"అదేంట్రా!"
అంతే, హాలు దద్దరిల్లేది.
అబద్ధం. పదకొండు మంది నవ్వేవాళ్ళు,
అందులో ఒకాయనది దగ్గు.

తొమ్మిదేళ్ళు యోదో నది గట్టున, వంతెన కింద,
సిమెంటు స్తంభానికి ఎదురుగా నిలబడి సాధన చేశాం.
స్తంభం ఒక్కసారీ నవ్వలేదు.
నిఖార్సయిన విమర్శకుడు.

పోయిన మార్చిలో వాడన్నాడు,
"మానేస్తున్నాను.
మామగారి స్నానశాల చూసుకోవాలి."
నా చెయ్యి లేచింది,
వాడి ఛాతీ దాకా వెళ్ళి
గాల్లోనే ఆగిపోయింది.
ఆ మాటలో తప్పేమీ లేదు.

అప్పట్నుంచీ లోకం నిండా తప్పులే,
ఒక్కటీ సమయానికి పడదు.
గొడుగు తడుస్తుందని చంకలో దాచుకుని
వానలో పరిగెత్తే ఆఫీసరు.
"కదులుతున్నాయి, జాగ్రత్త" అంటూ
ఆగిపోయిన కదిలే మెట్లు.
జనవరి చలిలో వేడి కాఫీ నొక్కితే
ఐసులాంటి డబ్బా దొర్లించిన యంత్రం.
దాని ఇనప పొట్ట మీద ఒక్కటిచ్చాను:
"అదేంట్రా!"
నా వెనక నిలబడ్డ ముసలావిడ
మెల్లగా వంగి దణ్ణం పెట్టి
ఇంకో యంత్రం వెతుక్కుంటూ పోయింది.

నిన్న రాత్రి తెంగాచాయలో దిగాను.
స్నానశాల నీలం తెర తోసుకుని వెళ్తే
గల్లాపెట్టె వెనక వాడే,
తలకి తువ్వాలు, కాస్త బుగ్గలొచ్చాయి.
నన్నెప్పుడూ చూడనట్టు చూసి,
"నీళ్ళయిపోయాయండీ,
ఇవాళ్టికి నిప్పుతో సర్దుకోండి" అన్నాడు.

నేనేం చెయ్యలేదు. చెయ్యే వెళ్ళింది.
గల్లాపెట్టె మీంచి, చిల్లర డబ్బా పడేసుకుంటూ,
టప్.
"అదేంట్రా!"

లోపల బట్టలు విప్పుకుంటున్న ఓ తాత
ఒక కాలు ఇంకా పంట్లాంలోనే ఉండగా
పడీపడీ నవ్వి గోడ పట్టుకున్నాడు.
పన్నెండో మనిషి.
దగ్గు కాదు, నేను సరిగ్గానే విన్నాను.

ఇద్దరం నేల మీద కూచుని చిల్లర ఏరాం.
"అయిదు యెన్లు తగ్గాయి" అన్నాడు.
లెక్కపెట్టాను. నిజంగానే తగ్గాయి.
మళ్ళీ వెతికాం,
బీరువా కింద, చెప్పుల మధ్య,
ఎవరికీ తొందర లేనట్టు.