కచ్చా కుట్టు

ముప్పై ఎనిమిదేండ్ల కొలతల బుక్కులున్నయి నా దగ్గర.
కుమార్‌పల్లిల ఎవరి నడుము
ఏ ఏడు ఎంత పెరిగిందో
డాక్టర్ల కంటె ముందు నాకెరుక.

ప్యాంటు కుట్టినప్పుడల్లా
వెనక అతుకుల రెండించుల గుడ్డ వదిలేది,
పెరిగితె ఇప్పుకోవచ్చని.
అది మంచితనమే అనుకున్న.
పెరిగే నడుముకు
ముందే తలుపు తీసిపెడుతున్న అనుకోలే.

నా కొలత మాత్రం ఎన్నడూ తీసుకోలే.
టేపు మెడలనే ఉండేది,
కిందికి దిగకపోయేది.

పోయిన ఎండకాలం
కాజా కుడుతుంటె ఎడమ చెయ్యి బరువైంది.
సూది కిందపడ్డ చప్పుడు
నాకు వినబడ్డది.
ఆ తర్వాత వినబడ్డది నక్కలగుట్ట ఆసుపత్రిల.

డాక్టరమ్మ చిన్నది, నా బిడ్డ ఈడుది.
ఉప్పు, నూనె, బీడీ, నడక,
కాగితం నిండ రాసి, మడిచి చేతుల పెట్టింది.
"అన్నీ ఒక్కరోజే మొదలుపెట్టకు బాపూ,
ఒకటి పట్టుకో. అది నీదైనంక ఇంకోటి."

నేను వింటనా?
అన్నీ ఒక్కరోజే మొదలుపెట్టిన.
తెల్ల బూట్లు కొన్న.
వడ్డేపల్లి కట్టమీద తెల్లారకముందే ఉరుకుడు.
ఉప్పులేని పప్పు. తొక్కు బంద్. చాయ బంద్.
పదకొండో రోజు వానొచ్చింది.
పన్నెండో రోజు వాన లేదు, నేనూ పోలే.
ఆ రాత్రి సర్వపిండి
గిన్నెకు అంటినదాన్ని గూడ గీక్కొని తిన్న.
స్వరూప ఏమనలే.
అనకపోవుడే పెద్ద మాట.

కొత్తగ వచ్చిన పోరనికి పని నేర్పుకుంట ఏం చెప్త?
ముందే మిషన్ కుట్టు వెయ్యకురా,
కచ్చా కుట్టు వెయ్యి, తొడిగి చూడు,
ఇప్పు, మల్ల వెయ్యి.
కచ్చా కుట్టు ఊడితె తప్పు కాదు,
ఊడనీకే వేస్తం.
గా మాట నాకు నేను చెప్పుకోనీకి
నెల పట్టింది.

డాక్టరమ్మను అడిగి మిషన్ మోటరు పీకేసిన,
పద్దెనిమిదేండ్ల కింద ముచ్చటపడి బిగించుకున్నది.
మల్ల కాళ్లతోని తొక్కుడు.
వారం దాంక పిక్కలు ఏడ్చినయి.
"అందరు ముందుకు పోతె
నువ్వేందే రాజలింగం, ఎనకకు?"
నవ్విన్రు గిరాకీలు.

కత్తెరను అవతలి గోడ మేకుకు తగిలేసిన.
రోజుకెన్ని సార్లు లేస్తనో లెక్కపెట్టలే.
కుట్టిన బట్టలు నేనే పోయి ఇచ్చొస్తున్న,
కాకాజీ కాలనీ దాంక, నడిచి.
పెండ్లోళ్ల బట్టలు వానకు ఆగయి గద.
అది నడక అని
నా కాళ్లకు చెప్పలే.

స్వరూప తొక్కు జాడీని పారబోయలే.
అండ్లున్న గంటె తీసి
మందు సీసతోని వచ్చిన
ప్లాస్టిక్ చెంచా వేసింది.

బుక్కుల ఇప్పుడు నాకూ ఓ పేజీ ఉన్నది.
ముప్పైతొమ్మిదిన్నర. ముప్పైతొమ్మిది.
దసరా దాటినంక మల్ల ముప్పైతొమ్మిదిన్నర.
కొట్టెయ్యలే. కింద ఇంకో గీత గీసి
తారీఖు వేసిన.

నిన్న డ్రైవర్ కొమురెల్లి వచ్చిండు
ఖాకీ ప్యాంటు సంకల పెట్టుకొని.
"ఇంకో ఇంచు ఇప్పే."
ఏడాదికో ఇంచు, ఆరేండ్ల సంది.
మంథని రూటు, రాత్రి డ్యూటీ,
పన్నెండు గొట్టంగ దాబాల ముద్ద.
చెప్పాల్నంటె శానా ఉండె.
నాకూ చెప్పినోళ్లు శానా మందే ఉండిరి.

ఇప్పిన. మిషన్ మాత్రం వెయ్యలే.
తెల్లదారంతోని కచ్చా కుట్టేసి చేతికిచ్చిన.
"ఊడిపోదా?"
"నెల ఆగుతది. అప్పుడు రా,
లోపటికి కుట్టాల్నో బయటికి కుట్టాల్నో చూద్దాం."
"గప్పటిదాంక?"
"డ్యూటీ దిగినంక బస్టాండు కాడ ఆటో ఎక్కకు.
రాంనగరెంత దూరం?
గంతే. ఇంకేం అడుగ."

పావడి మీద ఆడుతున్న నా కాళ్ల దిక్కు
జరసేపు చూసిండు.
ప్యాంటు మడుచుకొని పోయిండు.

ఆటో ఎక్కిండో, నడిచిండో.
లేచి గడప దాంక పోయిన చూద్దామని.
మూల మలిగిండు.
వచ్చేటప్పుడు మేకుకున్న కత్తెర
చేతికి తీసుకున్న.