ఎడమ మూల

లీపర్ గారు నిన్న సాయంత్రం ఫోన్ చేసి
ఇక రావద్దన్నారు.
కోపం లేదు గొంతులో.
గాలివాన గురించి రెండు మాటలు,
నా మోకాలు ఎలా ఉందని ఒక ప్రశ్న,
ఆ తరువాతే, "వచ్చే నెలనుంచి వద్దులే నెట్టా."

పదకొండేళ్ల ఇల్లు అది.

అబర్డీన్‌లో సముద్రం ఒడ్డుతో ఆగదు,
అద్దాలదాకా వస్తుంది.
రాత్రంతా తూర్పుగాలి ఉప్పు చల్లి పోతే
పొద్దున్నే గల్ పక్షులు తమ వంతు రెట్ట వేసి పోతాయి.
తుడిచింది తుడిచినట్టు ఉండదు కాబట్టే
నాలాంటిదానికి ఇక్కడ కూడు పుట్టింది.
ఒక నిచ్చెన, ఒక బకెట్టు, చిన్నాన్న ఇచ్చిన ఇత్తడి పిడి వైపరు,
ఫిట్టీలో పక్కపక్కన ఆరు ఇళ్లు.
వాటిలో నాలుగోది ఈయనది.

ఆరు అరవై అయింది. ఎలా అంటే,
ఒకావిడ కిటికీలో సూర్యుణ్ణి చూసి
పక్కింటావిడ అడిగింది, అంతే.
అరవై నాలుగు వందలు ఎలా అయిందో మాత్రం
నాకూ సరిగ్గా తెలీదు.
మూడు వ్యాన్లు. వాటి మీద నీలిరంగులో డల్గార్నో అని నా ఇంటిపేరు.
ఏడుగురు మనుషులు.
బ్యాంకులో అమ్మాయి నన్ను కంపెనీ అని పిలిచిన రోజు
ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి
కంపెనీని చూసుకున్నాను.
అబద్ధమెందుకు, ముచ్చటేసింది.

చేయి తిరగాలంటారే,
మా పనిలో అది ఉత్త మాట కాదు.
పైనుంచి దిగుతూ వైపరు పామల్లే మలుపు తిరిగేచోట
మణికట్టు ఎంత తిరగాలో అంతే తిరగాలి.
తక్కువైతే గీత. ఎక్కువైతే చార.
చివర్న, నాలుగు మూలలకీ పొడిగుడ్డ.
ఆ గుడ్డకి పట్టేది కిటికీకి తొమ్మిది సెకన్లు.
నేను లెక్కపెట్టాను.
లెక్కపెట్టిన రోజే ఏదో జరిగిందనుకుంటాను.

ఇవాళ పొద్దున వెళ్లాను.
లోపలికి రమ్మన్నారు.
పదకొండేళ్లుగా ఆ కిటికీకి ఇవతల నిలబడ్డదాన్ని,
అవతల కూర్చోవడం ఇదే మొదలు.
తన కుర్చీలోనే కూర్చోబెట్టారు.
ఒకప్పుడు రేవులోకి ఓడల్ని తెచ్చిన మనిషి,
ఇప్పుడు వాటిని చూస్తారు, అంతే.
"కాస్త ఆగు, పది కానీ."

పదైంది. వాలుగా ఎండ తగిలింది.
ఎడమ మూల, కింద,
గోరంత మసక నెలవంక వెలిగింది.
మూడు నెలలుగా అక్కడే, అదే వంపులో.
గోడ దాటి వచ్చే ఓడ
మొట్టమొదట కనబడే చోటు సరిగ్గా అదే.

"నా కన్నే అనుకున్నాను," అన్నారాయన.
"డాక్టరు దగ్గరికి వెళ్లాను. చుక్కలు వేసి, దీపం పెట్టి చూసి
ఈ వయసుకి మంచి చూపేనని పంపించాడు.
బస్సులో వచ్చాను. ఆ రోజంతా అక్షరాలు కనబడలేదు."

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

వ్యానులో పని కాగితం తీశాను.
ఆ వీధి కీర్‌ది. పందొమ్మిదేళ్లవాడు, బద్ధకస్తుడు కాడు.
రోజుకి ఇరవై ఆరు ఇళ్లు అని ఉంది దాంట్లో.
దస్తూరీ నాది.
ఇన్ని ఇళ్లలో తొమ్మిది సెకన్లు
ఎక్కడినుంచి తెస్తాడు వాడు?
కొట్టేసి పద్దెనిమిది అని రాశాను.
మూడో వ్యాను వాయిదా గుర్తొచ్చింది.
ఇరవై అని దిద్దబోయి ఆగాను.
బీచ్ రోడ్డు హోటలువాళ్ల ఉత్తరం సీటు మీదే ఉంది,
నూట నలభై కిటికీలు, శుక్రవారంలోగా జవాబు కావాలట.

వెనక్కి వెళ్లి తలుపు తట్టాను.
రేపు మా కుర్రాణ్ణి తీసుకురానా, తుడవడానికి కాదు,
ఆ కుర్చీలో కూర్చోవడానికి, అని అడిగాను.
చాలాసేపు చూశారు.
"పదికి ముందే తీసుకురా. టీ పెడతాను.
అంతవరకూ ఆ మూల ముట్టుకోకు."

ముట్టుకోలేదు.
గుడ్డ జేబులోనే ఉంది. చేయి దురద పెట్టింది.
మూడడుగులు వేసి తిరిగి చూస్తే
వీధిలోంచి ఏమీ కనబడదు,
అద్దం తళతళలాడుతోంది.