ఎందాక?

బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగగూడదు.
మా అవ్వ చెప్పింది. చెప్పడమే కాదు,
అడిగినందుకు వీపు మీద ఒకటేసింది కూడా.
ఆ ఒక్క మాట అడగడానికే
నాకిప్పుడు నెలనెలా జీతం.

చిత్తూరు బస్టాండులో తెల్లారి అయిదుకి మొదటి బండి.
"ఎందాక?" అంటా.
అదే ప్రశ్న,
కాకపోతే చెప్పులు బయట విడిచి లోపలికొచ్చినట్టుంటుంది.

నరహరిపేట చెక్‌పోస్టు దాటినాక
నాలుక ఇంకోవైపు మడిచిపెట్టుకోవాల.
"కొంచెం తళ్ళి ఉక్కారుంగ" అంటే
అవతలోళ్ళకి, జరిగి కూర్చోమని.
కొత్తలో చీలాపల్లె ముసలామె ఒకతె
తల్లీ అని పిలిచినాననుకోని
మూటలోంచి రెండు మామిడికాయలు తీసిచ్చింది.
తప్పు దిద్దలేదు. తిన్నా.

రాయవేలూరు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేవాళ్ళు
చంకలో ఎక్స్‌రే కవరుతో ఎక్కుతారు.
వాళ్ళని ఎందాక అని కూడా అడగను.
పొద్దున ఇద్దరికి కొట్టిన టికెట్టు
సాయంత్రం ఒకరికే కొట్టి
చిల్లర చప్పుడు కాకుండా చేతిలో పెడతా.
దొరసామి ఆ పూట హారను మోగించేవాడు కాదు.

దొరసామి మా డ్రైవరు. పదకొండేండ్లు
నా రెండు విజిళ్ళకి బండితోనే జవాబు చెప్పినోడు.
మొన్న బేస్తవారం పోయినాడు.

చావింట్లో ఎట్ల మెలగాల్నో నాకు తెలుసు.
దండం పెట్టగూడదు. బాగుండారా అనగూడదు.
లేచేటప్పుడు పోయొస్తానని చెప్పగూడదు,
చెప్పులేసుకోని వెనక్కి చూడకుండా నడవాల.
అన్నీ సరిగ్గానే చేసినా.
గడప కాడ, రోజూ రాత్రి ఆయన్ని ఇంటి ముందర దించి
లోపలికి కేకేసే మాట
నోట్లోంచి జారిపాయ.
"వస్తానక్కా!"

షామియానా కింద మాటలు ఆగినాయి.
ఎవురో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.
విజిలు మింగేసినోడి మాదిరి నిలబడినా.

కుప్పమ్మక్క తలెత్తింది.
"రా నాయనా," అనింది.
"దినాలు అయిపోతే ఆ మాట అనేదానికి
ఎవురుండారు నాకు?"

ఈరోజు నాకు వీక్లీ ఆఫు.
యూనిఫారం లేకుండా కిటికీ పక్కన కూర్చున్నా,
ఒళ్ళో అరటిపండ్లు, ఒక కాఫీపొడి పొట్లం.
కొత్త పిల్లోడు టికెట్ల మిషను పట్టుకోనొచ్చి
"ఎక్కడికి?" అన్నాడు, మొహాన్నే.

మా అవ్వ చెయ్యి గాల్లోకి లేచింది.
దాన్ని మెల్లిగా కిందికి దించి
"అక్కింటికి" అన్నా,
అది స్టేజీ పేరు కాదని తెలిసీ.