కింద మిగిలిన ఎరుపు

వినైల్‌కి చలి గిట్టదు.
పది డిగ్రీలు దిగితే జిగురు మొండికేస్తుంది,
అలిగిన చుట్టంలా గోడకేసి తిరిగి పడుకుంటుంది.
అందుకే థండర్ బేలో నవంబరు వస్తే
ట్రక్కుని ముందురోజు రాత్రే షెడ్డులోకి తోలించి
తలుపు దించి, హీటరు పెట్టి ఇంటికెళ్తాను.
తెల్లారేసరికి చక్రాల కింద మడుగు,
రోడ్డు ఉప్పు, ఎవరి పెరట్లోదో ఇంత పసుపు మట్టి.

టైస్టో సారెలా గుమ్మంలోనే నిలబడ్డాడు.
టోపీ తియ్యలేదు.
"బ్రదర్స్ అన్న ముక్క పీకెయ్యి, డెల్ఫీనా.
నంబరు కూడా. అది వాడి వాటాకి పోయింది."
బావులు తవ్వే రిగ్గు ఇతనికి,
జనానికి నోటికొచ్చిన ఫోన్ నంబరు ఐనోకి.
విడగొట్టడానికి లాయరుకి పదకొండు నెలలు పట్టిందట.
నాకు ఒక పూట.

హీట్ గన్ పెట్టి, బి మూలని గోటితో లేపాను.
పంతొమ్మిదేళ్ళ వినైల్ పొరలా రాదు,
ఎండుచేప పొలుసుల్లా చిట్లి చిట్లి వస్తుంది.
తొందరపడితే రంగు ఊడుతుంది,
తాత్సారం చేస్తే జిగురు అక్కడే కాపురం పెడుతుంది.
నారింజ తొక్క వాసనేసే మందుతో తుడిచాను,
భుజం లాగేదాకా.

అప్పుడు కనబడింది.
తలుపంతా ఎండకి వెలిసి
పాత ఇటుక రంగుకి దిగిపోయింది.
అక్షరాల కింద మాత్రం
షోరూం నుంచి వచ్చిన రోజు ఎరుపు.
పీకేసిన మాట
ఉన్నప్పటికన్నా బాగా చదవొస్తోంది.

"రుద్దితే పోదూ?"
"అది మరక కాదు. మిగతాదే పోయింది."
నోరు జారానని తెలిసి, గబగబా అన్నాను:
"పైన ఇంకేదైనా అంటిద్దాం.
ఇరవై నాలుగు గంటల సర్వీసు అని."
"రాత్రిళ్ళు లేచేది ఐనో," అన్నాడు. "నేను కాదు."

సరే, నంబరు చెప్పమన్నాను.
తడుముకోకుండా చెప్పాడు.
మిషన్ కోసింది.

మా పనిలో దీన్ని కలుపు తీయడం అంటాం:
అక్కర్లేని రేకునంతా సూదికొనతో లేపి పారెయ్యడం.
సున్నా నడిబొడ్డు, ఆరు పొట్ట,
ఎనిమిదిలో రెండు కళ్ళు.
మా నాన్న ఇది ఎరగడు. ఆయనది కుంచె.
తడి రంగు మీద ఈగ వాలితే
దాంతో సహా వార్నిష్ కొట్టేసేవాడు.
ఆయన రాసినవి చెరపమని ఎవరూ రాలేదు,
ఈలోగా ట్రక్కులే తుప్పు పట్టిపోయాయి.

సబ్బునీళ్ళు చల్లి, నడిమి నుంచి అంచులకి
స్క్వీజీతో నీటిని తోసుకుంటూ పోయాను.
రివెట్ చుట్టూ బుడగ. గుచ్చాను, నొక్కాను.
కొత్త అంకెల పక్కన పాత అంకెల ఎరుపు
ఒక్క వెంట్రుకంతైనా బయటికి తొంగిచూడలేదు.
కొలత ఎంత బాగా కుదిరిందో అని
నాలో నేనే మురిసిపోయాను కూడా.

టైస్టో పైకి చదువుతున్నాడు,
చిన్నపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు.
చివరి రెండంకెల ముందు ఆగిపోయాడు.

పాత నంబరే.

హీటరు ఒకసారి ఆగి మళ్ళీ అందుకుంది.
"తీసెయ్యనా? ఇంకా తడిగానే ఉంది, వచ్చేస్తుంది."
అతను అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.
"ఈ చలికి మళ్ళీ అంటుతుందా?"
లోపల ఇరవై రెండు డిగ్రీలు.
నేను కోటు విప్పి రెండు గంటలైంది.
"కష్టమే," అన్నాను.
"అయితే ఎండలు రానీ."

బిల్లులో తీసిన పని రాశాను,
అంటించిన పని రాయలేదు.
ట్రక్కు వెనక్కి తిరిగి, మంచులోకి
లైట్లు వేసుకుని పోయింది.
ఇక దాన్ని చూసి ఫోన్ చేసేవాళ్ళకి
ఐనో పలుకుతాడు.
బావి తవ్వాలంటారు.
రిగ్గు లేనివాడు ఏమంటాడో.

రాత్రి స్వెట్టరు విప్పుతుంటే
మోచేతికి అంటుకుని, తెల్లగా,
ఎనిమిది కన్ను ఒకటి.
విదిలించాను.
ఈ వేలి నుంచి ఆ వేలికి మారింది.