ఒకటి చాలు

పద్దెనిమిదేళ్లుగా నా నోట రోజుకు అరవైసార్లు ఒకటే మాట:
ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి.
గాజు వెనక్కి వెళ్లి మీట నొక్కుతాను.
రాగి గనివాళ్ల ఛాతీలు
పొగమంచు పట్టిన కిటికీల్లా తెరమీదికొస్తాయి.

ఆంటోఫగాస్టాలో మా ఇళ్లకు చూరు ఉండదు.
వాన రాని ఊరికి చూరెందుకు?
నా తొమ్మిదో ఏట పావుగంట జల్లు పడితే
బడికి రెండురోజులు సెలవిచ్చారు.
బకెట్లు చాలక ఇంట్లో కేకు గిన్నె కూడా కింద పెట్టాం.
దూరపు కొండలు నునుపంటారు గాని
మా కొండలు ఎంత దూరంనుంచి చూసినా గరుకే.

ముప్పైతొమ్మిదో ఏట అద్దె మళ్లీ పెంచారు.
గనివాళ్ల జీతాలు చూసి రేట్లు కట్టిన ఊళ్లో
ఒంటికాయ సొంటికొమ్ము లాంటి నాకు
వంటగట్టు దగ్గర నిలబడి చెయ్యి చాస్తే మంచం తగులుతుంది.

నైట్ డ్యూటీలో నా జంట యాస్నా
కాగితం మీద గడులు గీసింది:
అద్దె. ఆసుపత్రులు. విమానం టికెట్టు. మగవాళ్లు.
చివరిది తనే కొట్టేసి, తనే మళ్లీ రాసింది.
కింద నేనొకటి చేర్చాను:
ఆదివారం జ్వరమొస్తే ఎవరికి తెలుస్తుంది?
ఆ గడి ఏ ఊరికీ నిండలేదు.
ఉన్న ఊరికీ ఖాళీయేనని అప్పుడే చూశాను.

సెలవు పెట్టి బయల్దేరాను. ప్రతి ఊళ్లో ఒకే పరీక్ష:
పొద్దున్నే రొట్టెల కొట్టుకెళ్లి
"ఒకటి చాలు" అనడం.

శాంటియాగోలో ఎవరూ తలెత్తలేదు.
రొట్టె వేడిగానే ఉంది, అబద్ధమాడకూడదు.
పంతొమ్మిదో అంతస్తులో చూపించిన గదికి
కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో కిటికీ.
అందులో ఒకతను నిలబడే తింటున్నాడు.
నన్ను చూసి తెర లాగేశాడు.
జీతం మాత్రం ఒకటిన్నర రెట్లు.

కొన్సెప్సియోన్‌లో పరీక్షే జరగలేదు.
పిన్ని కూతురు గ్లాడిస్ నన్ను కొట్టు గడప తొక్కనివ్వలేదు.
మూడురోజుల్లో ముగ్గుర్ని భోజనానికి పిలిచింది.
ఒకతను పులుసు చల్లారేదాకా
తన వెన్నునొప్పి గురించే అడిగాడు.
నాకతను నచ్చాడు, కాస్త.
ఊరు నచ్చలేదు.

వాల్దీవియాలో బస్సు దిగేసరికి వాన.
మామూలు వానే కాబోలు, ఎవరూ పరుగెత్తలేదు.
నది ఒడ్డున చేపల అంగడి వెనక
సముద్ర సింహాలు అప్పులవాళ్లలా బైఠాయించి ఉన్నాయి,
చేప తల చేతిలో పడందే కదిలేలా లేవు.
కోటు నిండా పచ్చికట్టెల పొగ.
కొట్టులో "ఒకటి చాలు" అన్నాను.
ఆవిడ పిండిచేతులతో అలాగే నిలబడి
నా జుట్టుకేసి చూసి "గొడుగు లేదా?" అంది.
"మా ఊళ్లో దానితో పనిలేదు" అన్నాను.
నవ్వలేదు. బల్ల కిందనుంచి,
ఎవరెవరో మరిచిపోయినవి ఐదు బయటికి లాగి,
ఊచ విరిగినది నాకిచ్చింది.
మంచివి, వాళ్లొస్తే ఇవ్వాలట.

ఈ మాత్రానికే ఊరు మారానని యాస్నాకు చెప్పలేదు.
ఆసుపత్రిలో కొత్త మెషిను ఉందన్నాను. అదీ నిజమే.

ఇప్పుడు జూన్. గోడ మూలన నల్లబూజు,
ఎక్కడో చూసిన ఊపిరితిత్తిలా ఉంటుంది.
బట్టలు ఆరవు. ఐదున్నరకే చీకటి.
ఇక్కడి ఛాతీల్లో రాగిధూళి లేదు, పొయ్యిల పొగ.
మాట మాత్రం అదే: బిగబట్టండి, కదలకండి.
మొన్న నెమెసియో అనే ముసలాయన, పడవలు చేస్తాడు,
నేను వదలమనడం మరిచిపోతే
మొహం ఎర్రబడేదాకా అలాగే నుంచున్నాడు పాపం.
"అయ్యో, వదలండి వదలండి" అన్నాను.
ఇద్దరం ఒకేసారి వదిలాం.

యాస్నా కాగితం ఫ్రిజ్ మీద తేమకు మెలితిరిగింది.
ఆదివారం గడి ఇంకా ఖాళీ.
గొడుగు తిరిగివ్వలేదు,
అడిగితే ఇద్దామని.
రోజూ కనబడుతుంది, ఒక్క రొట్టె కడుతుంది,
అడగదు.