యొప్పేలో ఒక పొయ్యి

మా నాయనమ్మకి ఆ మాట నలభై ఏళ్ళు అర్థం కాలేదు.
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివేది:
చ... ర్మ... కా... రు... డు.
ఎవరో తాసిల్దారులాంటి మనిషి అనుకుంది.
పేతురంతటివాడు అన్నాళ్ళు బస చేశాడంటే మరి!

కొత్తపట్నం దారిలో, ఊరికి తూర్పున మా పల్లె.
పడమటి గాలిని నమ్ముకుని మమ్మల్ని అక్కడ పెట్టారు.
సముద్రం మాత్రం మధ్యాహ్నానికి తిరగబడి
మా లందల వాసనంతా
వాళ్ళ వాకిళ్ళకి మోసుకుపోయేది.
తంగేడు చెక్క, సున్నం, నానిన తోలు.
తాత ఏసోబుని మట్టిలో పెట్టేనాటిక్కూడా
గోళ్ళ కింద ఎరుపు వదల్లేదు.

మా గుళ్ళో దేవుడు గ్రాంథికం మాట్లాడేవాడు.
ఓడ దిగిన దొర పక్కన కూర్చుని
ఎవరో పంతులు దిద్దిపెట్టిన తెలుగు,
తోలు తగలని తెలుగు.
మేం ఏడ్చేది మాత్రం మా తెలుగులోనే.
జవాబు ఆలస్యమైతే
"అర్థం కాలేదేమో పాపం" అనేది నాయనమ్మ.

ఆమె పేరు రిజిస్టర్లో దీనమ్మ.
పెళ్ళికి ముందురోజు నీళ్ళలో ముంచి పెట్టిన పేరు.
ముంచకముందు ఏమని పిలిచేవాళ్ళో
ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఒంగోల్లో ఎం.ఏ. చదివేప్పుడు
చెదలు కొట్టిన మిషను రిపోర్టులో ఒక ఫోటో చూశాను.
గొడుగు కింద దొరసానికి పేరుంది.
గొడుగు పట్టుకున్నామెకి లేదు.
మణికట్టు దగ్గర ఎముక పొడుచుకొచ్చిన ఆ చెయ్యి
మా ఇంట్లో అందరికీ ఉంది.

ఆ శనివారం ఇంటికెళ్ళి చెప్పాను:
"చర్మకారుడంటే తోళ్ళు ఊనేవాడే, నాయనమ్మా.
మనోడే."

నవ్వలేదు. హల్లెలూయ అనలేదు.
కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది.
"నలభై ఏళ్ళు మనింటి గడప మీదే నిలబడి
ఎవరిల్లో అనుకున్నాను గదరా అబ్బయా."

ఇక మొదలుపెట్టింది.
పేతురు మిద్దెక్కితే ఆకలైందంట గదా,
కింద వంట చేస్తన్నారంట గదా, ఎవురు?
ఆ ఇల్లాలి పేరేంది?
ఆకాశం తెరిచి, దుప్పటి దించి,
ఏదీ మైల కాదని ఆయనకి మూడుసార్లు చెప్పాల్సొచ్చె.
కింద పొయ్యి ఊదేదానికి ఒక్కసారన్నా చెప్పారా?
చెప్పేదేముంది, దానికి ముందే తెలుసు!

ఇంకో రాత్రి, దీపం తగ్గించాక:
"కనాను ఇస్తానని మాటిచ్చినాయన ఇచ్చినాడు.
ఆడ అప్పటికే కుండా చట్టీ పెట్టుకున్నోళ్ళు
యాడికి బోయినార్రా?"
రొయ్యల చెరువు కింద పోయిన మా ఎకరన్నర
నాకు గుర్తొచ్చింది.
నేను చెప్పలేదు. ఆమె అడగలేదు.
దూరంగా చెరువుల మీద ఏరేటర్లు
నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.

ఇట్టాంటి ప్రశ్నలు విశ్వాసాన్ని కుళ్ళబెడతాయన్నారు
పాస్టరు గారు, టీ గ్లాసు కింద పెట్టి.
"పచ్చితోలు చెప్పవద్దయ్యా," అంది నాయనమ్మ.
"నానాల."

పుస్తకాన్ని పారెయ్యలేదు ఆమె.
దొర తెచ్చిందని ఎట్టా పారేస్తది?
అక్షరం దాంట్లోనే దొరికింది,
మునసబు ముందు వేలిముద్ర వెయ్యనని
మొదటిసారి చెప్పింది ఆ అక్షరంతోనే.
తలకింద పెట్టుకుని పడుకునేది.
పొద్దున లేచి దాంతో పోట్లాడేది.

ఇప్పుడది నా దగ్గరుంది.
ఆముదం మరకలు, ఒక ఎండిన తంగేడు పువ్వు.
యొప్పేలో సముద్రపు దరిన ఆ ఇల్లున్న పేజీలో,
వంట జరుగుతున్న వాక్యం పక్కన,
పెన్సిలు అంచుతో, ఎగుడుదిగుడుగా, ఒక పేరు:
అంకమ

మ కింద వత్తు లేదు.
ముప్పై ఏళ్ళుగా తెలుగు మాస్టార్ని.
దిద్దలేదు.