అర గీత

ఒక చెయ్యి జేబులో పెట్టుకో, అన్నాడు కాల్యో
పెట్టె నాకు అప్పజెప్పిన రోజు.
రెండు వేల నాలుగు వందల ఓల్టులు
రెండో చేతి కోసమే కాచుక్కూచుంటాయట,
గుండె మీదుగా దాటిపోవడానికి.
ఆయన ఎడమ బొటనవేలికి గోరు లేదు.
అంతకు మించి చెప్పలేదు.

పాలకేంద్రం వాళ్లు పారేసిన ఫ్రిజ్ రేకుతో చేసిన పెట్టె.
వెనక ఇంకా సగం ఆవు ఉంది.
హీయుమా దీవిలో చలికాలం మూడున్నరకే పొద్దు గూకుతుంది.
పగలంతా స్కూలు బస్సుల కింద పడుకునే నేను
నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా
రాత్రుళ్లు దీని ముందు బోర్లా పడుకున్నాను.

ముందు, చచ్చిందనుకున్న కరెంటును
ఇంకోసారి చంపాలి.
కర్రకు రాగి కొక్కెం కట్టి కెపాసిటర్లకు తాకిస్తే
ప్లగ్గు పీకిన రెండు రోజులకు కూడా
టప్‌మని ఒక నీలి దగ్గు.

గాజు వాల్వులు నాలుగూ తీసేశాను.
వాటి జాగాలో రెండే రెండు, రెక్కల లోహపు గుబ్బలు.
సైన్యం వెళ్తూ వెళ్తూ రేవు షెడ్డులో వదిలేసినవి,
మైనపు కాగితం కూడా విప్పనివి.
మీద ముద్రేసిన తేదీ, నేను పుట్టిన నెల.
మబ్బుల్లో శత్రువును వెతకడానికి పుట్టి
ఒక్కపూటైనా డ్యూటీ ఎక్కలేదు పాపం.

ఇవి వెలగవు.
పాతవాటి నారింజ వెలుగులో లాగ్‌బుక్ రాసుకునేదాన్ని,
ఇప్పుడు టేబుల్ లైటు కొనాల్సొచ్చింది.
గాలి మాత్రం రెట్టింపు కావాలి వీటికి.
కాల్యో బిగించిన లారీ హీటరు ఫ్యానుకే
గదిలో మాట వినపడేది కాదు.
నేలకు కంత కొట్టి, కొత్తదాన్ని
బంగాళాదుంపల నేలమాళిగలోకి దించాను.
గొట్టంలోంచి గాలి పైకొస్తుంది,
మట్టి వాసనతో సహా.

మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి మీట నొక్కాను.
ముల్లు లేచింది. తిప్పితే దిగింది. నిలబడింది.
నాలుగు వందల వాట్లు ఎనిమిది వందలు!
రోజూ పలకరించే పోర్చుగల్ ఫెలిస్బెర్తోని అడిగాను,
తేడా ఉందా?
ఉంది, అన్నాడు మర్యాదస్తుడు,
మీటరు మీద అర గీత.

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను.
ఇది సగం ఎలుక.

మాట రాక ఊరికే కూర్చున్నాను.
అప్పుడు తెలిసింది, గదిలో ఏ చప్పుడూ లేదని.
స్పీకరులో నురగలాంటి రొద,
రొద అడుగున చీమ నడిచినట్టు మోర్సు.
నా గుర్తే. నన్నే.
చిలోయె దీవి, పేరు ఎలీసియో,
కారు బ్యాటరీ మీద ఐదు వాట్లు.
నిరుటి నుంచి పిలుస్తున్నాను, అన్నాడు,
నువ్విక్కడ గంటలా మోగుతావు,
నా వంతు రాగానే వెళ్లిపోతావు.

ఆదివారం కాల్యో ఫోన్ చేశాడు.
ఎన్ని వాట్లొస్తున్నాయ్?
ఐదు, అన్నాను.
అయ్యో, గ్రిడ్డు షార్టయిందేమో చూడమన్నాడు,
ఒక చెయ్యి జేబులో పెట్టుకుని.